మూడు పిడికిళ్ల మట్టి

విశాఖపట్నంలో మేము దిగిన లాడ్జిలో స్పాంజి పరుపులు వేశారు. ఎక్కితే నడుము గుంటలో పడుతుంది, లేవబోతే వెనక్కి గుంజుతుంది. రాత్రంతా ఆ పరుపుతో కొట్లాడి, తెల్లారకముందే లేచి కూర్చున్నాను.

నేను కరీంనగర్‌లో పరుపులు కుట్టేవాణ్ణి. కుట్టేవాణ్ణి అనడమే సరి, ఎందుకంటే ఇప్పుడు కుట్టించుకునేవాళ్లు లేరు. జమ్మికుంట నుంచి దూది తెచ్చి, ఏకి, చారల గుడ్డలో నింపి కుట్టి ఇస్తే, పెళ్లినాడు వేసుకున్న పరుపు మీద మనవళ్లు దొర్లేవాళ్లు. ఇప్పుడు పరుపు అట్టపెట్టెలో చుట్ట చుట్టుకుని ఇంటికే వస్తోంది. విప్పితే ఊపిరి పీల్చుకుని పైకి లేస్తుందట. పడుకున్నవాడు ఊపిరి పీల్చుకోవాలి గాని పరుపుకెందుకు?

"రాత్రి సంది పరుపునే తిడుతున్నరు. అదేమన్న మిమ్ముల రమ్మని పిలిచిందా?" అంది నా భార్య తస్లీమ్, కళ్లు తెరవకుండానే.

మమ్మల్ని పరుపు పిలవలేదు. నా కూతురు రిదాకు ఏదో బ్యాంకు పరీక్ష పడింది. కరీంనగర్ పిల్లకు వరంగల్‌లో వెయ్యొచ్చు, హైదరాబాద్‌లో వెయ్యొచ్చు. తీసుకెళ్లి విశాఖపట్నంలో వేశారు. నేనూ అదీ పోయి వచ్చేద్దామనుకున్నాం. ఈలోపు రిదా ఇంట్లో "అక్కడ సముద్రం ఉంటది" అని నోరు జారింది. అంతే, డెబ్బై దాటిన మా అమ్మ షాజాదీ బేగం సంచీ సర్దుకుని గడప దగ్గర కూర్చుంది. అత్త పోతుంటే కోడలు ఊరుకుంటుందా? నలుగురం వరంగల్‌లో రైలెక్కాం. శనివారం పరీక్ష అయిపోయింది. ఆదివారం ఊరు చూడాలి, సోమవారం తిరుగు బండి.

లాడ్జిలో దిగగానే అమ్మ అడిగింది నీళ్లెక్కడ అని కాదు, ఖిబ్లా ఎటు అని. మేము నమాజు చేసేటప్పుడు మక్కా ఉన్న దిక్కుకు తిరుగుతాం. మనకు అది పడమర. దానికే ఖిబ్లా అని పేరు. అటు కాళ్లు చాపి పడుకోవడం కూడా తప్పే. రిదా ఫోన్‌లో చూసి చెయ్యి చాపి చూపించింది. అమ్మ మంచాల వైపు చూసింది. నేనూ రిదా మంచాలు రెండూ ఎత్తి తిప్పి వేశాం. ఆ గది కిటికీలోంచి చూస్తే పక్క బిల్డింగు గోడ, దాని మీద కారుతున్న పైపు తప్ప ఏమీ కనిపించదు.

ఆదివారం పొద్దున ఛాయ్ తాగాక అమ్మ తన సంచీలోంచి ఒక చిన్న మూట తీసి నా ఒళ్లో పెట్టింది. నా దుకాణంలో మిగిలిన చారల గుడ్డతో కుట్టిన సంచి. బరువుగా ఉంది.

"ఏందమ్మా గిది?"

"మన ఇంటి మన్ను. జామచెట్టు కింద తవ్వి తెచ్చిన."

"గిక్కడ మన్ను దొరకదా?"

"యెకసెక్కాలాడకు. మీ అబ్బకు నువ్వు మట్టి ఇయ్యలే. గిన్నేండ్లాయె, నా పానం కొట్టుకుంటనే ఉన్నది. ఇయ్యాల సముద్రం కాడ ఇయ్యి. మూడు పిడికిళ్లు. గీ నీళ్లు దాటే గదా పోయిండు, నీళ్లే తీస్కపోతయి ఆయన కాడికి."

మాలో మనిషి పోతే, గుంతలో దింపాక కొడుకులూ దగ్గరివాళ్లూ తలా మూడు పిడికిళ్ల మట్టి వేస్తారు. మట్టి ఇవ్వడం అంటారు దాన్ని. ఎంత పగ ఉన్నవాడైనా ఆ పూటకు వచ్చి మట్టి ఇచ్చి పోతాడు. నేను మా నాన్నకు ఇవ్వలేదు.

ఆయన పేరు ముకర్రం. ఆయనదీ ఇదే పని. నాకు ఏడెనిమిదేళ్లప్పుడు బొంబాయి పోయి, అక్కడ ఓడ ఎక్కి సౌదీ పోయాడు. దూదేకే విల్లును గోడకు ఆనించి, "నేనొచ్చెదాక దీన్ని ఎవలు ముట్టొద్దు" అని చెప్పి పోయాడు. రాలేదు. దమ్మామ్‌లో కడుతున్న బిల్డింగు మీద నుంచి పడ్డాడు. మాకు కబురు అందేసరికే అక్కడ పాతిపెట్టారు. ఆయన పెట్టె మాత్రం వచ్చింది. అందులో పులి బొమ్మ ఉన్న కంబళి ఒకటి, నా కొలతకు చిన్నదైపోయిన చొక్కా ఒకటి. ఆ విల్లు నేనే ముట్టాల్సి వచ్చింది. నాకంటే అది పొడుగు. నాలుగో తరగతితో నా చదువు అయిపోయింది.

ఆయన మా కోసమే పోయాడని అందరూ అంటారు. నా కోసం పోయేవాడు నన్ను ఒక మాట అడగాల్సింది. వద్దనేవాణ్ణి. ఈ మాట అమ్మతో నేను ఎప్పుడూ అనలేదు. ఇంట్లో ఆయన గురించి అమ్మ మాట్లాడుతుంది, నేను లేచి బయటికి పోతాను. అట్లా అలవాటైపోయింది. ఇప్పుడు పరాయి ఊళ్లో, లాడ్జి గదిలో, లేచి ఎక్కడికి పోవాలి?

"సూద్దాం తియ్యి," అన్నాను.

"సూసుడు కాదు, ఇచ్చుడు," అంది అమ్మ. మూటను మళ్లీ తన సంచీలో పెట్టుకుంది.

మెట్లు దిగుతుంటే రిదా వెనక నుంచి నా చొక్కా పట్టి లాగింది.

"పప్పా, దాదీకి ఎవలన్న చెప్పిండ్రా, గిది ఆ సముద్రం కాదని?"

"మెల్లగ మాట్లాడు."

"దాదా పోయింది బొంబాయి నుంచెళ్లి. అది పడమటి సముద్రం. గిది తూర్పు సముద్రం. గీ నీళ్లు దాటితే బర్మా వస్తది గని సౌదీ రాదు."

నాలుగో తరగతి చదివినవాడికైనా బొంబాయి ఎటో విశాఖపట్నం ఎటో తెలుసు. కాని అమ్మ ఏ పని మీద సంచీ సర్దుకుందో ఆ మూట తీసేదాకా నాకు తెలియదు. ఆమె మనసులో సముద్రం ఒక్కటే. ఒక ఒడ్డున మనం, ఇంకో ఒడ్డున ఆయన. ఎక్కడ నిలబడి పిలిచినా అవతలికి వినబడుతుందని ఆమె లెక్క.

"చెప్దామా మరి?" అంది రిదా.

"చెప్పి సూడు, నీ కాళ్లిరగ్గొడ్త. గింత దూరం వచ్చింది ముసల్ది."

"చెప్పకపోతె మట్టి నువ్వు ఎయ్యాలె గద. దాదా పేరు మీద బర్మాకు ఏస్తవా?"

నాకు కోపం వచ్చింది. పిల్ల మాట నిజమైనప్పుడే మనకు ఎక్కువ కోపం వస్తుంది. చెప్తే అమ్మ ముఖం చూడలేను. చెప్పకపోతే, నలభై ఏళ్లుగా తప్పించుకున్న పని, తప్పు సముద్రంలో నిలబడి చెయ్యాలి. చెప్పేస్తే నా మెడ మీద నుంచి బరువు దిగిపోతుందన్న సంగతి కూడా మనసులో మెదిలింది. ఆ సంగతే నాకు మరీ అసహ్యం అనిపించింది.

లాడ్జి ముందు ఆటో మాట్లాడాం. డ్రైవరు ముప్పై ఏళ్లు ఉండని మనిషి, నోరు ఆగదు. "ఏటేటి సూస్తారండీ? రోజంతా తిప్పేస్తాను. మామ్మగారూ, జాగర్తగా ఎక్కండి," అన్నాడు. అమ్మ మురిసిపోయింది. "ఎంత మర్యాద సూడు. మన కాడ ఆటోలోళ్లు ఎక్కకముందే తొక్కుతరు," అంది. మర్యాద ముందు చెప్తారు, తర్వాత కిరాయి చెప్తారు అని నేను అనబోతుంటే తస్లీమ్ మోచేత్తో పొడిచింది.

పాత ఊరి వైపు తీసుకెళ్లాడు. మబ్బు పట్టి ఉంది, సూర్యుడు ఎటున్నాడో తెలియడం లేదు. సందులు సన్నగా ఉన్నాయి. సున్నం రాలిన పెద్ద పెద్ద మేడలు, వాటి కిటికీలకు చెక్క రెక్కలు. రిదా ఫోన్‌లో చూసి చదువుతోంది, ఇక్కడ డచ్చివాళ్లు దిగారు, అక్కడ ఇంగ్లీషువాళ్లు కోట కట్టుకున్నారు, ఇంకోచోట వ్యాపారం చేశారు అని.

"అందరు గీ సముద్రం మీదనే వచ్చిండ్రా?" అంది అమ్మ.

"అందరు, దాదీ."

"సూసినవా వాహెద్, వచ్చెటోళ్లు గిటే వస్తరు, పోయెటోళ్లు గిటే పోతరు."

నేను ఆటో బయటికి చూశాను.

హార్బర్ పక్కన మూడు గుట్టలు ఉన్నాయి. ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద గుడి, ఒకదాని మీద దర్గా. మేము దర్గా గుట్ట ఎక్కాం. అమ్మ మోకాళ్లు పట్టుకుంటూ, కూర్చుంటూ, లేస్తూ ఎక్కింది. డ్రైవరు కూడా వెంట వచ్చాడు, ఒకచోట ఆమె చెయ్యి పట్టి పైకి లాగాడు. ఫాతెహా ప్రార్థన చదివి బయటికొచ్చేసరికి కింద నీళ్లలో ఒక ఓడ కదులుతోంది. అది ఓడ అని నమ్మడానికి అమ్మకు చాలాసేపు పట్టింది.

"గంత పెద్దదా! మన గల్లీ గల్లీ అంత దాంట్ల పడ్తది. మీ అబ్బ ఎక్కింది గిట్లాంటిదేనా?"

"అయ్యుంటది."

అమ్మ డ్రైవరు వైపు తిరిగింది. "బిడ్డా, అది ఎటు పోతది?"

"అదాండీ, సింగపూరో మలేసియానో ఎల్తాదండి మామ్మగారూ. ఇక్కణ్ణించి ఎక్కువ అటేపే..."

"అటు నుంచెళ్లి సౌదీ పోతది," అన్నాను నేను, గట్టిగా.

డ్రైవరు నా వైపు చూశాడు. "సింగపూర్ మీంచి సౌదీ ఏటండీ? అదెక్కడ, ఇదెక్కడ..."

"ఓడ గద తమ్మీ, తిరుక్కుంట తిరుక్కుంట పోతది," అని తస్లీమ్ అందుకుంది. ఆటోలో రిదా ఆమె చెవిలో సంగతి వేసినట్టుంది. నా ముఖం చూసో, తస్లీమ్ కళ్లు చూసో డ్రైవరుకు ఏదో అర్థమైంది. "ఆ, అవునండి, కొన్ని అలా కూడా ఎల్తాయండి," అన్నాడు.

అమ్మ తల ఊపింది. "గందుకే ఆయన జాబులు నెలల తరబడి వచ్చేటియి కావు," అంది. ఓడ కనబడకుండా పోయేదాకా అక్కడే నిలబడింది.

తర్వాత బీచి రోడ్డు మీద, ఒడ్డుకు తెచ్చి పెట్టిన సబ్‌మెరైన్ చూశాం. నీళ్లలో మునిగి యుద్ధం చేసేదట. లోపల నడవడానికి సందు లేదు. అమ్మ ఒంగి ఒంగి నడుస్తూ, "గిండ్ల మనుషులెట్ల ఉన్నరే, ఉల్లిగడ్డల బుట్టల్నన్న సందుంటది," అంది. సైనికులు పడుకునే పలకలు చూసి ఆగిపోయింది. ఒకదాని మీద ఒకటి, అలమార అరల్లాగా. పైన రెక్సిన్ కప్పి ఉంది. లోపల ఏం పెట్టారో చూద్దామని నేను వేలితో నొక్కాను.

"సార్, ముట్టుకోకండి సార్!" అని కాపలాదారు అరిచాడు.

"గాయన పరుపులోడు, ఏం అనుకోకుండ్రి. పెండ్లిళ్లకు పోయినా గింతే," అని తస్లీమ్ వాడికి సర్ది చెప్పింది. వెనక వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. లోపల ఉన్నది దూదో స్పాంజో నాకు ఇప్పటికీ తెలియదు.

మధ్యాహ్నం లాడ్జికి వచ్చి, దారిలో కట్టించుకొచ్చిన రొట్టెలూ కీమా తిన్నాం. అమ్మ నమాజు చేసుకుని కాసేపు నడుం వాల్చింది. నేను మళ్లీ ఆ పరుపు ఎక్కలేదు, కుర్చీలో కూర్చున్నాను. ఆమె సంచీ నాకు ఎదురుగా మంచం కోడుకు వేలాడుతోంది. దాన్ని చూస్తుంటే, ఆమె లేచేసరికి నాకు జ్వరమైనా వస్తే బాగుండు అనిపించింది.

రాలేదు.

సాయంత్రం అవుతుండగా డ్రైవరు మమ్మల్ని బీచి దగ్గర దించాడు. మబ్బు విడిపోయి ఎండ కాస్తోంది. ఇసుకలో అడుగు పెట్టేముందు అమ్మ చెప్పులు విడిచి చేత పట్టుకుంది, దర్గాలో పట్టుకున్నట్టే. కొంచెం దూరం నడిచాక నీళ్లు మొత్తం కనిపించాయి.

అమ్మ ఆగి, "గిట్ల మొత్తుకుంటదని ఎవలు చెప్పలేదు," అంది. "నీళ్లంటె సప్పుడు లేకుంట ఉంటయనుకున్న, మన డ్యాము లెక్క."

నా చెయ్యి పట్టుకుని నీళ్ల దాకా వచ్చింది. మొదటి అల కాళ్లను తాకి వెనక్కి పోయింది. పోతూ పోతూ ఆమె పాదాల కింద ఇసుకను గుంజుకుపోయింది.

"అగో! కింద మన్ను గుంజుతున్నది రో! వాహెద్, పట్టు, పట్టు!"

నా చొక్కా గుండీ ఒకటి తెగింది. రెండో అలకు చీర మోకాళ్ల దాకా తడిసింది. మూడో అల వచ్చేసరికి అమ్మ నవ్వుతోంది. నోట్లో ఉన్న నాలుగు పళ్లూ కనిపించేలా, చిన్నపిల్లలా, అల వచ్చినప్పుడల్లా "రా, రా" అని పిలుస్తూ. ఆమె అట్లా నవ్వగా నేను చూడలేదు. ఆమె కూడా ఒకప్పుడు చిన్నదే అన్న సంగతి కొడుకులకు ఎందుకు తడుతుంది? రిదా ఫోన్ తీసి ఫొటోలు కొడుతోంది. తస్లీమ్ తడవకూడదని దూరంగా నిలబడి, తడిసిపోయింది.

అలిసిపోయాక అమ్మ నిలదొక్కుకుని, కొంగు తల మీదికి లాక్కుని, సముద్రం వైపు తిరిగి గట్టిగా పిలిచింది.

"ఓ వాహెద్ అబ్బా! సలామాలేకుం!"

మా అమ్మ మా నాన్నను పేరు పెట్టి పిలవదు. ఆ కాలపువాళ్లు ఎవరూ పిలవరు, బిడ్డ పేరు చెప్పి పిలుస్తారు. అన్ని నీళ్ల మీద, అంత గాలిలో వినబడింది నా పేరే.

"నేను షాజాదీని. మంచిగున్న. మోకాళ్లే జర నొస్తున్నయి. వాహెద్ వచ్చిండు, గీడనే ఉన్నడు. నీ లెక్కనే ముక్కు మీద కోపం. కోడలు మంచిదే, జర నోరెక్కువ."

"అమ్మీ!" అంది తస్లీమ్.

"అబద్ధమా మరి?" అని అమ్మ మళ్లీ సముద్రం వైపు తిరిగింది. "మనుమరాలు రిదా పెద్ద పరీక్ష రాసింది, దువా చెయ్యి. నువ్వు పెట్టిన జామచెట్టు మస్తు కాస్తున్నది గని కోతులు ఉంచుతలేవు. నీ పులి కంబళి ఎవలకు ఇయ్యలే, పెట్టెల్నే ఉన్నది. నా ఫికర్ చెయ్యకు."

రిదా తల వంచుకుని ఇసుకలో కాలితో గీతలు గీస్తోంది. పక్కన నీళ్లలో ఆడుతున్న పిల్లలు ఆగి అమ్మ వైపు చూస్తున్నారు. ఆమెకు ఎవరూ పట్టలేదు. అన్నీ చెప్పడం అయ్యాక సంచీలోంచి మట్టి మూట తీసి నా చేతిలో పెట్టింది.

"ఇగ ఇయ్యి."

ముడి విప్పాను. ఇంకొంచెం లోపలికి నడిచాను, మోకాళ్ల దాకా. మూటలో చెయ్యి పెట్టి పిడికిలి నింపాను. ఇంటి మన్ను, ఎర్రగా, కొంచెం జామాకు పొడి కలిసి. పిడికిలి విప్పితే అయిపోతుంది. అమ్మ వెనక నుంచి చూస్తోంది. ఈ మన్ను బర్మా పోతుందని నాకు తెలుసు, ఆమెకు తెలియదు. పోనీలే, ఆమె సంతోషం కోసం అనుకున్నాను. కాని చెయ్యి తెరుచుకోలేదు. ఆయన మీద కోపంతో తెరుచుకోలేదో, ఆమెను మోసం చేస్తున్నానని తెరుచుకోలేదో నాకే తెలియలేదు.

అప్పుడు రిదా ఫోన్‌లో సాయంత్రపు నమాజుకు అజాన్ మోగింది.

"ఆగు," అంది అమ్మ. "అసర్ నమాజు చేసుకొని ఇద్దాం. కడుక్కొని పాక్‌గ ఇయ్యాలె అది."

నేను బయటికొచ్చాను. పిడికిలిలో మన్ను అలాగే ఉంది. తస్లీమ్ సీసాలో నీళ్లు పోస్తుంటే అమ్మ చేతులు, ముఖం, కాళ్లు కడుక్కుంది. తస్లీమ్ తన శాలువా తీసి పొడి ఇసుక మీద పరిచింది. కంగారులో అది సముద్రం వైపుకే పరిచింది.

"గటు పరిచినవేంది దుల్హన్? గటు తూర్పాయె. ఎండ గిటున్నది సూడు."

డెబ్బై ఏళ్లు ఎండను చూసి నమాజు చేసుకున్న మనిషికి ఫోన్ ఎందుకు? అమ్మ తానే శాలువా కొస పట్టుకుని తిప్పింది. రోడ్డు వైపు, హోటళ్ల వైపు, వాటి వెనకకు దిగుతున్న సూర్యుడి వైపు తిరిగి నిలబడింది. సముద్రం ఆమె వీపు వెనక పడింది.

చేతులు చెవుల దాకా ఎత్తింది. ఎత్తిన చేతులు దించింది. వెనక్కి తిరిగి సముద్రాన్ని చూసింది. మళ్లీ రోడ్డు వైపు చూసింది.

"వాహెద్."

"హా అమ్మా."

"మక్క గిటు గద?"

"గిటే."

"మక్క సౌదీల్నే గద ఉన్నది?"

రిదా నా వైపు చూసింది. తస్లీమ్ సీసా మూత బిగిస్తూనే ఉంది, ఎప్పుడో బిగిసిపోయిన మూతను.

"సౌదీల్నే, అమ్మా."

అమ్మ చేతులు ఎత్తి నమాజు మొదలుపెట్టింది. ఆమె ఒంగుతోంది, కూర్చుంటోంది, నుదురు ఇసుకకు ఆనిస్తోంది. మేము ముగ్గురం పక్కన నిలబడ్డాం, దొంగతనం చేసి దొరికిన పిల్లల్లాగా. ఏ నమాజూ నాకు అంత పొడుగ్గా అనిపించలేదు.

సలాం తిప్పి, దువా చేసి, అక్కడే కూర్చుని మా వైపు చూసింది.

"ఎప్పటి సంది ఎరుక నీకు?"

"పొద్దటి సంది."

"బిడ్డా, నీకు?"

"నేనే చెప్పిన దాదీ పప్పాకు."

"దుల్హన్?"

"నాకు ఆటోల చెప్పిండ్రు, అమ్మీ."

"ఆటో పిలగానికి?"

"వానికి ముందుగాలనే ఎరుక, దాదీ," అంది రిదా.

"అంటె ఊరందరికి ఎరుక, నాకొక్కదానికే ఎరుక లేదు. మరి నేను గిందాకటి సంది సలాం ఎవలికి చెప్పిన?"

రిదానే, "బర్మావాళ్లకు దాదీ," అంది సన్నగా.

అమ్మ సముద్రం వైపు చూసింది, తస్లీమ్ వైపు చూసింది.

"ఓ యాల్లా! నా కోడలికి నోరెక్కువని బర్మా దేశమంత చాటినట్టాయె!"

ముందు తస్లీమే పగలబడి నవ్వింది. తర్వాత రిదా. అమ్మ నవ్వుతూ నవ్వుతూ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. మేము నవ్వడం ఆపేశాక కూడా కొంగు తియ్యలేదు. తస్లీమ్ పోయి ఆమె పక్కన ఇసుకలో కూర్చుని వీపు నిమిరింది.

కొంతసేపటికి కొంగు తీసి, ముక్కు తుడుచుకుని, "మన ఇల్లు ఎటున్నది బిడ్డా?" అంది.

రిదా సూర్యుడి వైపే చూపించింది. "గటే దాదీ. మన ఇల్లు దాటినంక బొంబాయి. బొంబాయి దాటితే దాదా పోయిన సముద్రం. దాని అవతల సౌదీ."

"అంటె రైల్ల గింత దూరం ఆయన కాడికి వస్తున్ననుకుంట వచ్చిన. ఆయనకే దూరం జరిగిన." అమ్మ శాలువా కొసకు అంటిన ఇసుక దులిపింది. "ఇంటి కాడనే దగ్గరున్నట్టు. రోజూ గటు మొకం పెట్టుకొనే గద కూసుంటున్న. గిన్నేండ్లల్ల ఒక్కలన్న చెప్పిండ్రా నాకు? ఆయనకు ఎదురుంగనే కూసున్ననని?"

"సంచి ఇటు తే," అంది చెయ్యి చాపి. "గిక్కడ ఎయ్యకు. మళ్ల చెట్టు కిందనే పోద్దాం."

ఇచ్చేస్తే అయిపోయేది. పొద్దటి నుంచి నేను కోరుకున్నది అదే. ఎవరి మనసూ విరగలేదు, నేను మట్టి వెయ్యక్కర్లేదు, నా కోపం నా దగ్గరే ఉంటుంది. కాని పిడికిలి విప్పి చూసుకుంటే మన్ను నీళ్లతో తడిసి అరచేతికి అంటుకుపోయి ఉంది. దాన్ని గీకి మళ్లీ సంచీలో వేశాను. ముడి వేశాను. సంచీ ఆమెకు ఇవ్వకుండా నా చొక్కా జేబులో పెట్టుకున్నాను. జేబు కిందికి జారింది.

"కొన్ని నీళ్లున్నయా?" అన్నాను తస్లీమ్‌తో.

"తాగనీకా?"

"కడుక్కోనీకి."

తస్లీమ్ ఏమీ అనకుండా సీసా వంచింది. ఆమె ఏమీ అనకపోవడం మా పెళ్లయ్యాక అరుదు. నేను శుక్రవారం మనిషిని, మిగతా రోజులు నాకు దేవుడితో కూడా పెద్దగా మాటల్లేవు. అమ్మ లేచి పక్కకు జరిగింది. ఆమె కూర్చున్న శాలువా మీదే నిలబడ్డాను.

ఎదురుగా మురీ మిక్చర్ బండి ఉంది. దాని వెనక రోడ్డు, రోడ్డు వెనక హోటళ్లు, వాటి వెనక గుట్టలు. అవన్నీ దాటితే మా ఊరు, నా ఖాళీ దుకాణం, ఇంట్లో గోడకు ఆనించిన విల్లు. అదీ దాటి, బొంబాయి దాటి, నీళ్లు దాటి, ఒక ఇసుక నేలలో పేరు లేని గుంత. మేము వెతికినా దొరకని గుంత. అయినా అది అటే ఉంది. ఇన్నేళ్లుగా శుక్రవారం శుక్రవారం నేనూ దానికి ఎదురుగానే ఒంగుతున్నాను.

నమాజు చివర సలాం తిప్పాలి. కుడి భుజం వైపు ఒకటి, ఎడమ భుజం వైపు ఒకటి. తిప్పాను. తర్వాత ఎదురుగా చూస్తూ ఇంకొకటి చెప్పాను. అది నమాజులో లేదు.

శాలువా దులిపి మడత పెడుతుంటే అమ్మ నా ముఖంలోకి చూసింది.

"మూడోది ఎవలికి రా?"

"ఉన్నడు లే ఒకాయన."

"ఏం చెప్పినవ్?"

"బొంబాయికి వస్తున్నమని చెప్పిన. మన కరీంనగర్ల ఎక్కితే నేరుగ బొంబాయిల దించే బండి ఉన్నది. అది ఇడిసిపెట్టి గింత దూరం ఎవలు రమ్మన్నరు మనల?"

అమ్మ నా జేబు మీద చెయ్యి పెట్టి, బరువు చూసినట్టు ఒకసారి తట్టింది.

రిదా అప్పటికే ఫోన్ తీసి బండ్లు వెతుకుతోంది. తస్లీమ్ మిక్చర్ బండి వైపు నడుస్తూ వెనక్కి తిరిగి అరిచింది. "నేను రాను! అక్కడి లాడ్జిల గూడ పరుపు మంచిగ లేదని రాత్రంత సతాయిస్తరు మీరు!"

"వస్తవ్ తియ్యి దుల్హన్," అంది అమ్మ, నా భుజం పట్టుకుని అడుగు వేస్తూ. "నువ్వు రాకపోతె నీ నోరు సంగతి ఆయనకు ఎట్ల ఎరుకైతది? పరుపు వీడే కుట్టి సంకల పెట్టుకొని వస్తడు. నడు, ఆ మిక్చర్ల కారం ఎక్కువ ఎయ్యొద్దని చెప్పు."